చదువరి ఇచ్చే నిమిషం



నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారిని. పదో తరగతి పిల్లల కోసం తెలుగులో లెక్కలు విడమరచి చెప్పే వెబ్‌సైటు ఒకటి కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు బజార్లోనో బస్టాండులోనో కనబడితే ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు. "మాస్టారూ, వెబ్‌సైటు పెడితే ప్రకటనల మీద డబ్బులొస్తాయటగా, నిజమేనా?"

నిజమే, వస్తాయి. అయితే ఆ డబ్బు ఎవరిది, ఎన్ని చేతులు దాటి మన దాకా వస్తుంది, వచ్చేది ఎంత, అది తీసుకున్నందుకు మనం ఎవరికి బాకీ పడతాం? ఈ నాలుగూ తెలియకుండా దిగినవాళ్లు ఆరు నెలల్లో విసిగి మానేస్తున్నారు, కొందరు తప్పుదారి పడుతున్నారు. అందుకే ఇవాళ ఈ నాలుగు సంగతులూ మీతో చెప్పుకుందామని వచ్చాను.

వ్యాపారం తోడుగా రాతను బతికించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. తలనొప్పి మందు అమ్మితే వచ్చిన డబ్బు తెలుగు అక్షరానికి పెట్టుబడిగా మారింది. పంతులుగారు పత్రికను మందు సీసాకు చుట్టే కాగితంగా చూడలేదు. పత్రికకు దాని గౌరవం దానికి ఉంచారు. ఆయన్ని దేశోద్ధారకుడని మనం ఇప్పటికీ తలుచుకుంటున్నాం.

మన దగ్గర అమృతాంజనం లేదు. కాబట్టి వేరేవాళ్ల సరుకుకు మన పేజీలో కాస్త చోటిచ్చి అద్దె తీసుకుంటాం. వెబ్‌సైటు ప్రకటనల మీద ఆదాయమంటే ఇంతే.

పత్రికల్లో ఈ అద్దె కాలమ్ సెంటీమీటర్ల లెక్కన ఉంటుంది. ఎంత జాగా, ఏ పేజీ, ఎన్ని ప్రతులు అన్నదాన్ని బట్టి రేటు. ఆ ప్రకటనను ఎవరు చూశారో, ఎవరు పేజీ తిప్పేశారో డబ్బిచ్చినవాడికి తెలియదు. ఇంటర్నెట్ వచ్చాక ఈ లెక్క మారింది. 1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రిక తన పేజీల మీద పట్టీల్లాంటి ప్రకటనలు వేసింది. అందులో ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీది ఒకటి. వాటినే బ్యానర్లు అన్నారు. ప్రకటన ఎన్నిసార్లు కనబడింది, ఎందరు దానిమీద నొక్కారు అన్నది మొదటిసారిగా లెక్కకు అందింది.

ఆ తర్వాత పదకొండేళ్లకు, 2005లో, ఇంగ్లండులో అలెక్స్ ట్యూ అనే 21 ఏళ్ల కుర్రాడు చదువు ఖర్చుల కోసం ఒక ఉపాయం ఆలోచించాడు. ఒకే ఒక్క పేజీ. అందులో తెర మీది చుక్కలు, వాటిని పిక్సెళ్లంటారు, పది లక్షలు. చుక్కకు ఒక డాలరు చొప్పున ఎవరైనా కొనుక్కుని తమ బొమ్మ పెట్టుకోవచ్చు. నెలల్లోనే మొత్తం అమ్ముడుపోయింది. చివరి వెయ్యి చుక్కలు 2006 జనవరిలో వేలం వేస్తే 38,100 డాలర్లు పలికాయి. మొత్తం 10,37,100 డాలర్లు వచ్చాయి. ఆ కథ విని ఎంతోమంది అలాంటి పేజీలే పెట్టారు. అవి నడవలేదు. ఆ పేజీలో చదవడానికి ఏమీ లేదు మరి. జనం వింత చూడటానికి ఒకసారి వచ్చారు. వింతను రెండోసారి చూడటానికి ఎవరొస్తారు? ఆ కుర్రాడి తెలివిని మెచ్చుకుంటూనే ఒక మాట మనసులో పెట్టుకోవాలి. మన పేజీకి మనిషి మళ్లీమళ్లీ రావాలంటే అతనికి అక్కడ పని ఉండాలి.

ఇక మనలాంటి చిన్నవాళ్లకు దారి తెరుచుకున్నది 2003లో. ఆ ఏడాది గూగుల్ సంస్థ యాడ్‌సెన్స్ అనే ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు ప్రకటన కావాలంటే చాలావరకు కంపెనీల చుట్టూ మనమే తిరగాలి. యాడ్‌సెన్స్ వచ్చాక నాలుగు వరుసల కోడు మన పేజీలో పెడితే చాలు, మన రాతను యంత్రం చదివి దానికి తగిన ప్రకటన తెచ్చి అతికిస్తుంది. ఎలా తెస్తుందో చెబుతాను.

మా గుంటూరు మిర్చి యార్డు మీలో చాలామందికి తెలుసు. రైతు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తెచ్చి కమీషన్ వ్యాపారి దగ్గర దించుతాడు. కొనేవాళ్లు వచ్చి కాయ రంగు చూస్తారు, తేమ చూస్తారు, ధర పెడతారు. ఎక్కువ పెట్టినవాడికి సరుకు వెళుతుంది. కమీషన్ పోగా మిగిలింది రైతుకు. వెబ్‌సైటు ప్రకటన కూడా ఇలాంటి వేలమే. ఒక అమ్మాయి ఫోనులో నా పేజీ తెరవగానే, ఆ పేజీ దేని గురించి, ఆమెది ఏ ఊరు, ఏ రకం ఫోను, ఆ అమ్మాయి ఇంతకుముందు ఏమేం చూసింది అనే వివరాలు వేలానికి వెళతాయి. కోచింగ్ సెంటరువాడు, ట్యాబ్ అమ్మేవాడు, పుస్తకాల కంపెనీవాడు, వీళ్ల తరఫున కంప్యూటర్లే ధర పెడతాయి. గెలిచినవాడి ప్రకటన పేజీలో కనబడుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. యార్డులో అమ్ముడయ్యేది మిరపకాయ. ఇక్కడ అమ్ముడయ్యేది ఆ అమ్మాయి చూపు, ఆమె మన పేజీకి ఇచ్చిన నిమిషం.

మరి కమీషన్ ఎంత? యాడ్‌సెన్స్ విషయంలో, పేజీల మీద వేసే ప్రకటనలకు వచ్చే ప్రతి 100 రూపాయల్లో 68 రూపాయలు సైటువాళ్లకు ఇస్తున్నామని గూగుల్ 2010లో బయటపెట్టింది. 2024లో లెక్క కట్టే తీరు మార్చినా చేతికొచ్చే వాటా దాదాపు అంతే ఉంటుందని చెప్పింది. ఒకే దళారి ఉన్నచోట సంగతి ఇది. పెద్ద పత్రికల సైట్లలో ప్రకటనకూ పేజీకీ మధ్య నలుగురైదుగురు దళారులుంటారు. 2020లో బ్రిటన్‌లో ప్రకటనదారుల సంఘం ఐఎస్‌బీఏ, పీడబ్ల్యూసీ అనే ఆడిట్ సంస్థ చేత ఈ గొలుసును లెక్క కట్టించింది. ప్రకటనదారు పెట్టిన ప్రతి 100 పౌండ్లలో సైటుకు చేరింది సగటున 51. మరో 15 పౌండ్లు ఎక్కడికి పోయాయో లెక్కకే దొరకలేదు.

ఇంకో సంగతి. రైతు తరఫు కమీషన్‌దారూ, కొనేవాడి ఏజెంటూ, యార్డు నడిపేవాడూ ఒకరే అయితే ఏమవుతుంది? ధర ఎలా తేలిందో ఎవరికీ తెలియదు. అమెరికాలో గూగుల్ మీద వచ్చిన ఫిర్యాదు ఇదే. 2025 ఏప్రిల్‌లో వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు, ప్రకటనల వేలం మార్కెట్లోనూ, సైట్లు వాడే ప్రకటనల సాఫ్ట్‌వేరు మార్కెట్లోనూ ఆ సంస్థ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం చెలాయించిందని తీర్పు చెప్పింది. ఎక్కడో జరిగిన కేసు అనుకోకండి. తెలుగులో వంటల పేజీ నడిపే ఇల్లాలి ఆదాయం కూడా తేలేది ఆ వేలంలోనే.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యాడ్‌సెన్స్ యంత్రానికి మన భాష చాలాకాలం అర్థం కాలేదు. హిందీకి 2014లో చోటిచ్చారు. బెంగాలీకి 2017లో, తమిళానికి 2018 మొదట్లో, ఆ 2018లోనే తెలుగుకూ ఇచ్చారు. అంటే ఏర్పాటు పుట్టిన పదిహేనేళ్లకు మన వంతు వచ్చింది. ఇందులో మన తప్పు కూడా కొంత ఉంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారు తయారుచేసుకుని వాడేవి. తెర మీద తెలుగు కనబడేది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. మనిషికి తెలుగు, యంత్రానికి గజిబిజి. వెతికితే దొరికేది కాదు, ప్రకటనకు అందేది కాదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడులోకి అందరూ మారాకే తెలుగు రాత ప్రపంచానికి కనబడింది. ఇప్పటికీ కొందరు రాసినదాన్ని బొమ్మగా చేసి పేజీలో పెడుతున్నారు. దయచేసి అలా చేయకండి. బొమ్మలోని అక్షరాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా అక్కడ మూగబోతుంది.

ఇక ఎంత వస్తుంది? మాస్టారిని కాబట్టి లెక్క వేసి చూపిస్తాను, కాగితం పక్కన పెట్టుకోండి. ప్రకటనల ఆదాయాన్ని వెయ్యి పేజీలకు ఇంత అని కొలుస్తారు. ఆ రేటు అందరికీ ఒకటి కాదు. ఇన్సూరెన్సు, బ్యాంకు లోన్ల గురించిన పేజీకి ధర ఎక్కువ, పద్యాల పేజీకి తక్కువ. ఒకే పేజీని డల్లాస్‌లో ఉన్న తెలుగు కుటుంబం తెరిస్తే పలికే ధర, డోన్‌లో ఉన్న కుటుంబం తెరిస్తే పలికే ధర కంటే సాధారణంగా ఎక్కువ ఉంటుంది. కారణం, అమెరికా ప్రకటనదారు డాలర్లలో వేలం పాడతాడు. దసరా, దీపావళి రోజుల్లో రేట్లు లేస్తాయి. ఆ సందడి తగ్గాక పడిపోతాయి.

లెక్క కోసం మన రేటు వెయ్యి పేజీలకు 50 రూపాయలు అనుకుందాం. యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు పోగయితే గానీ డబ్బు బ్యాంకుకు పంపరు. లెక్క సులువు కోసం అది 9,000 రూపాయలు అనుకుందాం. వెయ్యి పేజీలకు 50 అయితే 9,000 రావాలంటే ఎన్ని పేజీలు చదవాలి? 1,80,000. రోజుకు 500 పేజీలు చదివేవాళ్లుంటే మొదటి 9,000 చేతికి రావడానికి 360 రోజులు పడుతుంది. అంటే ఇంచుమించు ఏడాది. సైటు పేరుకు, అది ఉంచిన సర్వరుకు ఏటా కట్టే అద్దె ఇందులోంచే పోవాలి. ఉద్యోగం మానేసి వెబ్‌సైటు పెట్టుకుంటానన్న కుర్రాళ్లకు నేను ఈ లెక్కే వేసి చూపిస్తాను. నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. మొదటి ఏడాది కొబ్బరిమొక్కకు నీళ్లు పోస్తున్నామనుకుని పనిచేస్తే కష్టం బరువనిపించదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను మొదట ఒక ప్రకటనల సంస్థలో చేరాను. రోజూ పొద్దున లేచి ఎంత జమ అయిందో చూసుకునేవాణ్ని. ఒక వారం ఉన్నట్టుండి ఆదాయం ఎన్నో రెట్లు పెరిగింది. పాఠాలు పిల్లలకు బాగా నచ్చాయని సంబరపడ్డాను. ఆదివారం మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడప్పుడు హాస్టల్లో ఉండి ఇంజినీరింగు చదువుతున్నాడు. "మావయ్యా, మీ సైటులో ప్రకటనలన్నీ మా హాస్టలు అంతా కలిసి రోజూ నొక్కుతున్నాం. డబ్బులు బాగా వస్తున్నాయా?" అన్నాడు ప్రేమగా.

నాకు నోట మాట రాలేదు. పదిహేను రోజులు తిరక్కుండానే ఆ సంస్థ నా ఖాతా మూసేసింది. జమ అయినదంతా వెనక్కి తీసుకుంది. మొదట కోపం వచ్చింది. నాకు తెలియకుండా జరిగినదానికి నన్ను శిక్షించడమేమిటని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. తర్వాత ఒకరోజు ఆ ప్రకటనలు ఎవరివా అని గుర్తు చేసుకున్నాను. అందులో ఒకటి పక్క జిల్లాలో ట్యూషన్లు చెప్పే చిన్న సెంటరుది. నాలాంటి మాస్టారే ఎవరో, నెలకు ఇంత అని ప్రకటనకు పక్కన పెట్టుకుని ఉంటాడు. హాస్టలు కుర్రాడు ఒకసారి నొక్కితే అతని డబ్బులో కొన్ని రూపాయలు కరిగిపోతాయి. ఒక్క పిల్లవాడు కూడా అతని దగ్గర చేరడు. మేము తీసుకున్నది ఆ మాస్టారి జేబులోంచి.

ఆ రోజు నుంచి ఇది నాకు నియమం. మన ప్రకటన మనం నొక్కకూడదు. ఇంట్లోవాళ్లను, స్నేహితులను నొక్కమనకూడదు. "కింద ఉన్న ప్రకటన నొక్కి మమ్మల్ని ఆదుకోండి" అని రాయకూడదు. ఏ సంస్థ నిబంధనలు చూసినా మొదట ఉండేది ఇదే. నిబంధన లేకపోయినా అది దొంగతనమే.

చదువరి పట్ల మన బాధ్యత ఇంకా పెద్దది. మన పేజీలో ఏ ప్రకటన వస్తుందో వేలం తేలుస్తుంది గానీ, ఏ రకం ప్రకటనలు రాకూడదో చెప్పే హక్కు మనకుంది. ఖాతాలో అందుకు సెట్టింగులుంటాయి. చాలామంది వాటి జోలికే పోరు. పదో తరగతి పిల్ల త్రికోణమితి చదువుతున్న పేజీలో, పదిరోజుల్లో బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తామనే మందు కనబడితే ఎలా ఉంటుంది? ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్ కనబడితే? ఆ యాప్‌ల వేధింపులకు మన రెండు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయిన కుటుంబాలున్నాయి. అద్భుత చికిత్సల ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం పట్టుకునే దాకా ఆగనక్కర్లేదు. నా సైటులో అప్పులు, జూదం, మాయమందులు, ఈ మూడింటినీ మూసేశాను. ఆదాయం కొంత తగ్గింది. నా మనవరాలు కూడా ఆ పేజీలే చదువుతుంది కాబట్టి ఆ తగ్గింది నాకు నష్టంగా తోచలేదు.

ఎన్ని ప్రకటనలు పెట్టాలన్నదీ ఆలోచించాలి. ఆశ కొద్దీ పేజీ నిండా అతికిస్తే పాఠం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. అమెరికా, ఐరోపాల్లో వేలాదిమందిని అడిగి జనానికి చిరాకు తెప్పించే ప్రకటనలేవో ఒక కూటమి జాబితా తయారుచేసింది. పేజీ మీదికి దూకి మూసేసేవి, తమంతట తామే శబ్దం చేసే వీడియోలు, ఫోనులో పేజీ పొడవులో 30 శాతానికి మించి ఆక్రమించేవి అందులో ఉన్నాయి. ఆ హద్దులు పదేపదే దాటిన సైట్లలో ప్రకటనలన్నింటినీ 2018 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజరే ఆపేస్తోంది. చిరాకుపడిన మనిషి రెండోసారి రాడని మన కిరాణా కొట్టు శెట్టిగారిని అడిగినా చెబుతారు.

ఇంకో మార్పు ఈమధ్యే మొదలైంది. ఇదివరకు గూగుల్‌లో ఏదైనా వెతికితే సైట్ల జాబితా వచ్చేది, మనం ఒకటి తెరిచేవాళ్లం. 2024 నుంచి చాలా ప్రశ్నలకు కృత్రిమ మేధ రాసిన జవాబు ఆ జాబితాకు పైనే వస్తోంది. జవాబు అక్కడే దొరికితే మన పేజీ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారు. "వర్గ సమీకరణం సూత్రం ఏమిటి" అన్నదానికి యంత్రం చెప్పగలదు. ఏ మెట్టు దగ్గర మన పిల్లలు తడబడతారో, గుర్తు మార్చడం ఎందుకు మరిచిపోతారో ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దినవాడికి తెలుస్తుంది. కాబట్టి మీకు మాత్రమే తెలిసినది రాయండి. మీ ఊరి నేలలో ఏ పంట ఎలా వస్తుందో, మీ అమ్మ గోంగూర ఎలా నిలవ పెట్టేదో, మీ వృత్తిలో చేయి తిరిగాక తెలిసిన కిటుకు ఏమిటో, అవి రాయండి.

వేలం ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఊళ్లో పుస్తకాల షాపుతోనో, విత్తనాల డీలరుతోనో నేరుగా మాట్లాడి నెలకు ఇంత అని ప్రకటన తీసుకోవచ్చు. మధ్యలో కమీషన్ ఉండదు, ప్రకటన ఎవరిదో మీకు తెలుసు. డబ్బు తీసుకుని ఒక వస్తువు గురించి రాస్తే, అది ప్రకటన అని పైనే రాయండి. వచ్చిన ఆదాయం ఎంత చిన్నదైనా పన్ను రిటర్నులో చూపండి. ఒక హెచ్చరిక కూడా. "మాకు ఐదు వేలు కట్టండి, ప్రకటనలు నొక్కుతూ కూర్చుంటే రోజూ డబ్బులిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. సైటుకు ప్రకటనలిచ్చే నిజమైన సంస్థ మనకు డబ్బిస్తుంది, మన దగ్గర డిపాజిట్టు అడగదు.

ప్రకటనలు అసలే వద్దనుకోవడమూ గౌరవమైన దారే. 1998 నుంచి వస్తున్న ఈమాట వెబ్ పత్రిక వ్యాపారం జోలికి పోకుండా సాహిత్యాన్ని అందిస్తోంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒక్క ప్రకటనా ఉండదు, రాసేవాళ్లంతా స్వచ్ఛందంగా రాస్తారు. మీకు వేరే ఆధారం ఉంటే ఆ దారిలో వెళ్లండి. ఆధారం లేనివాళ్లు ప్రకటనలు వేసుకుంటే అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. చదివేవాడి దగ్గర పైసా తీసుకోకుండా పాఠం అందించగలుగుతున్నామంటే ఆ అద్దె వల్లనే.

చివరగా ఒక్క మాట. పరీక్షల ముందు నెల రాత్రి పదకొండింటికి కూడా నా సైటుకు పిల్లలు వస్తూనే ఉంటారు. ఒకసారి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. వాళ్లింట్లో ఉన్నది ఒకటే ఫోను, అది వాళ్లమ్మది. అమ్మ పని నుంచి వచ్చి పడుకున్నాక ఆ రోజు మిగిలిన డేటాతో పాఠం చదువుకుంటుందట. "మాస్టారూ, వీడియో ప్రకటన వస్తే డేటా అయిపోతోంది, లెక్క సగంలో ఆగిపోతోంది" అని రాసింది. ఆ రాత్రే వీడియో ప్రకటనలన్నీ తీసేశాను.

అప్పటిదాకా నాకు డబ్బిస్తున్నది ప్రకటనల కంపెనీ అనుకునేవాణ్ని. ఆ అమ్మకు నిద్ర దక్కిన గంటలో, ఆమె డబ్బు పెట్టి వేయించుకున్న డేటాలో, ఆ పిల్ల నా పేజీకి ఇచ్చిన నిమిషమే యార్డులో వేలానికి వెళ్లిందని అప్పుడు అర్థమైంది. వెబ్‌సైటు పెట్టాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తప్పక పెట్టండి. ప్రకటనలు వేసుకోండి, డబ్బు సంపాదించండి. మీ పేజీ మూసేసరికి ఆ పిల్లకు ఆ లెక్క వచ్చి ఉండాలి. అప్పుడు మీరెవరికీ బాకీ ఉండరు.